అడవి పండు పరిశ్రమ ఎలా అవుతుంది? – బ్లూబెర్రీ పాఠం, మన మన్యం కాఫీ

జూన్ నెల వచ్చిందంటే విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వైపు నేరేడు పళ్ళ బుట్టలు కనిపిస్తాయి. గ్లాసుతో కొలిచి, కాగితం పొట్లంలో పోసి, పైన చిటికెడు ఉప్పు చల్లి ఇస్తారు. తిన్నవాళ్ళ నాలుక సాయంత్రం దాకా ఊదారంగులోనే ఉంటుంది. అదే ఊళ్ళో పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్తే, చల్లటి అద్దాల బీరువాలో అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో బఠాణీ గింజ కన్నా కాస్త పెద్దవైన నీలి పండ్లు. వాటి పేరు బ్లూబెర్రీ. ఆ ఒక్క డబ్బా వెలకు నేరేడు పళ్ళు సంచెడు వస్తాయి. రెండు పండ్లకూ ఆ ముదురు రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే ఒకే కుటుంబపు వర్ణకాలు. అయినా ఒకటి గ్లాసు లెక్కన వీధిలో, ఒకటి గ్రాముల లెక్కన అద్దాల బీరువాలో అమ్ముడవుతోంది.

ఎకనామిక్స్‌లో పీజీ చదువుతున్న మేము ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని బయల్దేరి, చివరికి మన పాడేరు, చింతపల్లి కొండల మీది కాఫీ తోటల దగ్గర తేలాం. ఎందుకంటే ఒక పండు పరిశ్రమగా ఎదిగిన కథ మనకు అందుబాటులో ఉన్నది అక్కడే. మన హాస్టల్లో ఏజెన్సీ నుంచి వచ్చిన తమ్ముళ్ళు కూడా కొందరున్నారు. ఈ వ్యాసంలో తప్పులుంటే వాళ్ళే ముందు పట్టుకుంటారని తెలిసే రాస్తున్నాం.

ముందుగా ఒక చిన్న సైన్సు ముక్క. వృక్షశాస్త్రంలో బెర్రీని మృదుఫలం అంటారు. ఆ లెక్కన మన మెస్‌లో రోజూ కనిపించే వంకాయ, టమోటా, అరటిపండు మృదుఫలాలే. బ్లూబెర్రీ కూడా ఆ కోవలోదే. పేరు చివర బెర్రీ ఉన్నా స్ట్రాబెర్రీ మాత్రం మృదుఫలం కాదు, అది అనృత ఫలం. కాఫీ పండును వ్యాపారంలో చెర్రీ అనీ, ఇంగ్లీషు పుస్తకాల్లో బెర్రీ అనీ అంటున్నా, శాస్త్రం ప్రకారం అది మామిడిలా టెంకగల ఫలం. బజారుకు ఈ శాస్త్రంతో పనిలేదు గనుక మనం కూడా ముందుకు వెళ్దాం.

అడవిలో ఏరుకునే పండు

నూట ఇరవై ఏళ్ళ క్రితం దాకా అమెరికాలో బ్లూబెర్రీ తోట పంట కాదు. అడవిలో, చిత్తడి నేలల్లో దానంతట అది పెరిగేది. చుట్టుపక్కల పేదలు ఏరుకొచ్చి అమ్ముకునేవారు. మన దగ్గర ఉసిరికాయ, కరక్కాయ ఏరుకొచ్చి సంతకు తెచ్చినట్లే. తోటలో వేస్తే ఆ మొక్క బతకదని రైతుల నమ్మకం.

ఫ్రెడరిక్ కోవిల్ అనే ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త ఈ నమ్మకాన్ని పరీక్షించాడు. బలమైన నేలలో, ఎరువు దండిగా వేసిన చోట మొక్క చచ్చిపోతోంది. పులుపు నేలలో, అంటే ఆమ్ల గుణం బాగా ఉన్న నేలలో, ఏపుగా పెరుగుతోంది. 1910లో ఆయన ఈ ఫలితాలను ప్రభుత్వ బులెటిన్‌గా అచ్చువేయించాడు. న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అనే చోట తండ్రి తోటలు చూసుకుంటున్న ఎలిజబెత్ వైట్ 1911లో ఆ బులెటిన్ చదివి, మా నేలలో ప్రయోగాలు చేయండి, ఖర్చు మేం చూసుకుంటామని ఆయనకు ఉత్తరం రాసింది.

తర్వాత జరిగినది మాకు చాలా నచ్చింది. మంచి మొక్క ఎక్కడుందో శాస్త్రవేత్తకు తెలియదు, తోట యజమానికీ తెలియదు. ఏళ్ళ తరబడి ఆ అడవిలో పండ్లు ఏరినవాళ్ళకు తెలుసు. ఏ పొదకు పెద్ద కాయ కాస్తుందో, ఏది తియ్యనో, ఏది ముందు పండుతుందో వాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పగలరు. వైట్ వాళ్ళకు కాయ సైజు కొలిచే రంధ్రమున్న చిన్న కొలత పలక ఇచ్చింది. ఆ రంధ్రంలోంచి జారిపోనంత పెద్ద కాయలున్న పొదను చూపించినవాళ్ళకు డబ్బులిచ్చింది. అంతేకాదు, ఆ పొదకు చూపినవాడి పేరే పెట్టింది. రూబ్ లీక్ అనే ఆయన చూపిన పొద నుంచి వచ్చిన రకం పేరు రూబెల్. ఆ రకం నేటికీ సాగులో ఉంది. 1916లో తోటలో పండిన తొలి బ్లూబెర్రీ పంట బజారుకు వెళ్ళింది. పండు బయటికి కనిపించేలా డబ్బాకు సెల్లోఫేన్ కాగితం కప్పి అమ్మినవాళ్ళలో కూడా వైట్ ముందు వరుసలో ఉంది.

అంటే పరిశ్రమ పుట్టడానికి మూడు కలిశాయి. ఏరేవాళ్ళ జ్ఞానం, ప్రయోగశాల, బజారు తెలిసిన మనిషి. వీటిలో మొదటిదాన్ని చరిత్ర పుస్తకాలు సాధారణంగా మర్చిపోతాయి. రూబెల్ పేరు పొద మీద నిలిచిపోబట్టి ఇక్కడ మర్చిపోవడం కుదరలేదు.

ఇక ప్రచారం సంగతి. 2000 సంవత్సరంలో అమెరికాలో హైబుష్ బ్లూబెర్రీ కౌన్సిల్ ఏర్పడింది. పండించేవాళ్ళు, దిగుమతి చేసుకునేవాళ్ళు తాము అమ్మే సరుకు బరువును బట్టి దానికి రుసుము కడతారు. ఆ డబ్బుతో పరిశోధన, ప్రచారం చేస్తారు. ఒక్క రైతు ప్రకటన వేయలేడు, వేసినా లాభం పక్క రైతుకూ పోతుంది. అందుకని అందరూ తలా కొంచెం వేసుకుని పండు పేరునే ప్రచారం చేసుకుంటారు. మా సిలబస్‌లో 'ఉచిత లబ్ధిదారు సమస్య' అని ఒక పాఠం ఉంది. దానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈ ప్రచారంలో అతిశయోక్తి లేకపోలేదు. యాంటీ ఆక్సిడెంట్లు ఏ పండులో ఎన్ని ఉన్నాయో అంకెలు వేసి, బ్లూబెర్రీని అద్భుత ఆహారంగా కొన్నేళ్ళు ఊరేగించారు. పరీక్షనాళికలో వచ్చిన ఆ అంకెలు మనిషి ఒంట్లో మేలుకు కొలమానం కావనీ, వ్యాపారులు వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ చెబుతూ 2012లో అమెరికా వ్యవసాయ శాఖ ఆ పట్టికను తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. పండు మంచిదే. తినండి. కానీ నేరేడు పండు తింటున్నవాళ్ళు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

కొండ నుంచి రేవుకు

ఇప్పుడు మన ఊరికి వద్దాం. విశాఖ రేవు 1933లో మొదలైంది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఓడలకెక్కించడం దాని మొదటి పనుల్లో ఒకటి. తర్వాత 1960ల్లో కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం వేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికే ఆ మార్గం. సొరంగాలు తొలిచి, సముద్రమట్టానికి సుమారు 997 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ స్టేషన్ మీదుగా తీసుకొచ్చారు. మనం అరకు చూడ్డానికి సరదాగా ఎక్కే రైలు నడిచే మార్గం అదే.

రాయి మన కొండల మీదుగా వెళ్ళిపోయి, అక్కడ ఉక్కు అవుతుంది. ఇక్కడే ఉక్కు చేయాలన్న కోరిక 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంగా లేచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ముడి సరుకు అమ్మేవాడికీ, దాన్ని వస్తువుగా మార్చి అమ్మేవాడికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఈ నగరానికి ఒకరు పాఠం చెప్పాల్సిన అవసరం లేదు.

మన్యం కాఫీ విషయంలో కూడా అడగవలసిన ప్రశ్న అదే. కొండ దిగేటప్పుడు అది ఏ రూపంలో దిగుతోంది? పండుగానా, గింజగానా, పొడిగానా, పేరుగానా?

కాఫీ కొండెక్కిన తీరు

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో మొదలైందని కాఫీ బోర్డు చరిత్ర చెబుతుంది. అప్పటి గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో బ్రాడీ అనే ఆంగ్లేయుడు వేశాడు. అక్కడి నుంచి గూడెం కొండలకు, 1920ల్లో అరకు, అనంతగిరి, చింతపల్లి వైపుకు పాకింది. చాలాకాలం అది జమీందార్ల, దొరల తోటల్లో ఉన్న మొక్కే తప్ప గిరిజనుల పంట కాదు. 1960ల్లో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు వేసింది. 1976లో చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం వచ్చింది. 1956లో ఏర్పడి విశాఖపట్నం ప్రధాన కార్యాలయంగా ఉన్న గిరిజన సహకార సంస్థ (జీసీసీ), పాడేరు ఐ.టి.డి.ఏ. కలిసి గిరిజన కుటుంబాలకే ఎకరం, రెండెకరాల చొప్పున తోటలు వేయించడం మొదలుపెట్టాక అసలు విస్తరణ జరిగింది. పోడు వ్యవసాయం తగ్గించి చెట్ల నీడ నిలపడం ఒక ఉద్దేశం, ఇంటికి కాస్త నగదు చేరడం రెండోది. ఇప్పుడు రెండు లక్షల ఎకరాల పైచిలుకు కాఫీ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతమంతా పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. పేరుకు జిల్లా మారినా రేవు, సంస్థ కార్యాలయం, పెద్ద బజారు విశాఖలోనే ఉన్నాయి.

మన దగ్గర ఎక్కువగా వేసేది అరబికా. దానికి నేరుగా ఎండ పనికిరాదు. అందుకే సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెంచుతారు, ఆ చెట్టు మొదట ఆస్ట్రేలియాది. చెట్టుకు మిరియాల పాదు పాకిస్తారు. నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపు రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను అతలాకుతలం చేసిన సంగతి అందరికీ గుర్తే. నగరంలో చెట్లు పడిపోయిన ఫొటోలు పత్రికల నిండా వచ్చాయి. అదే గాలికి కొండ మీద సిల్వర్ ఓక్‌లు వేళ్ళతో సహా కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. మిగిలిన మొక్కలకు నీడ పోయింది. నీడ చెట్టు మళ్ళీ ఎదగడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆలోచించండి. కాఫీ రైతుకు ఒక తుఫాను ఒక్క సంవత్సరంతో పోదు.

ఆరు కిలోలకు ఒక కిలో

కాఫీ ఆదాయం అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. ఇది ఏజెన్సీ తమ్ముళ్ళకు ఇంట్లో తెలిసినదే, మైదానం వాళ్ళకు కొత్త.

సుమారు ఆరు కిలోల ఎర్రటి పండ్ల నుంచి ఒక కిలో శుభ్రమైన గింజ వస్తుంది. పండు పై తొక్క, గుజ్జు తీసి, కడిగి, ఎండబెడితే గింజ మీద పల్చటి పెళుసు పొర మిగులుతుంది. ఈ దశలో ఉన్నదాన్ని పార్చ్‌మెంట్ అంటారు. ఆ పొర కూడా మిల్లులో తీసేస్తే ఆకుపచ్చ గింజ. దాన్ని వేయిస్తే బరువులో ఆరో వంతు దాకా పోతుంది. ఒక రైతు 600 కిలోల పండ్లు కోశాడనుకుందాం. పార్చ్‌మెంట్ సుమారు 125 కిలోలు, గింజ 100 కిలోలు, వేయించిన కాఫీ 83 కిలోలు. కప్పుకు 10 గ్రాముల పొడి అనుకుంటే 8,300 కప్పులు. బీచ్ రోడ్డులో మీరు ఎక్కిన హోటల్లో కప్పు ధర ఎంతో దాన్ని 8,300తో గుణించి చూడండి. తర్వాత ఆ ఏడు పండు కిలో ధరను 600తో గుణించి పక్కన పెట్టండి. మధ్యలో ఉన్న ఖాళీ అంతా దోపిడీ అనలేం. రవాణా, గ్యాసు, అద్దె, పాలు, చక్కెర, జీతాలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ ఖాళీలో ఎన్ని మెట్లు కొండ మీద ఉన్నాయో, ఎన్ని కింద ఉన్నాయో అన్నదే అసలు లెక్క.

క్రిందటి డిసెంబరులో మా మిత్రుడి ఊరికి వెళ్ళాం. పాడేరు నుంచి జీపు, జీపు దిగాక నడక. కోతల కాలం. ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ పళ్ళు ఆరబోసి ఉన్నాయి. ఎర్రవి, పసుపువి, పచ్చివి అన్నీ కలిసి ఉన్నాయి. పండినవి మాత్రమే ఏరి కోస్తే మంచి ధర వస్తుందని మేం పుస్తకంలో చదివిన ముక్క అప్పజెప్పాం. మా మిత్రుడి అమ్మ నవ్వి, "ఎర్రవి ఒకనాడు, పచ్చివి ఇంకోనాడు కొయ్యాలంటే మనుషులెక్కడున్నారు బాబూ? నలుగురం ఉన్నాం, కోత మూడు దఫాలు చెయ్యమంటే సోలె గింజలు కూడా ఇంటికి రావు" అంది. పైగా ఆ ఊరికి వచ్చే ఒక సావుకారు పంట రాకముందే అప్పిచ్చి వెళ్ళాడు. బాకీ కింద సరుకు ఆయనకే తూచాలి. తూకం ఆయన కాటాతోనే. తేమ ఉందని కిలోకు ఇంత తరుగు తీస్తాడు, తేమ కొలిచే మిషను మాత్రం ఆయన దగ్గర ఉండదు. చేత్తో నలిపి చూసి చెబుతాడు.

పార్చ్‌మెంట్‌లో తేమ పది, పదకొండు శాతం దగ్గర ఉండాలి. అంతకు మించితే బూజు పడుతుంది. ఒక చిన్న తేమమాపకం, ఒక నమ్మకమైన కాటా ఊళ్ళో ఉంటే సావుకారి వేళ్ళతో పని లేదు. మనం పెద్ద పెద్ద పథకాల గురించి మాట్లాడుతూ ఇలాంటి చిన్న వస్తువులను పట్టించుకోం.

ఒక విషయంలో మాత్రం అక్కడికి వెళ్ళాక మా ఆలోచనకు మరో కోణం దొరికింది. 'మెట్లన్నీ కొండ మీదే జరగాలి' అంటే ప్రతి ఇంట్లో ప్రతి పనీ జరగాలని అర్థం కాదు. ఇంటింటికీ చేతి పల్పరు ఇచ్చి ఎవరికి వారు కడిగి ఎండబెట్టుకుంటే, ఒకరి సరుకు తెల్లగా, ఒకరిది మచ్చలతో, ఒకరిది మట్టి వాసనతో వస్తుంది. అన్నీ కలిపి బస్తాల్లో పోస్తే మంచిది కూడా చెడ్డదాని ధరకే పోతుంది. అందుకే పది ఊళ్ళకు ఒకటిగా పల్పింగ్ కేంద్రం ఉండి, రైతులు కోసిన రోజే పండును అక్కడికి తెచ్చి, పండిన పళ్ళకు ఎక్కువ ధర పొందడం మేలు. చింతపల్లిలో రైతుల పరస్పర సహాయ సంఘంతో నడిచే ఎకో పల్పింగ్ యూనిట్ ఈ దారిదే. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో 2007లో ఏర్పడిన అరకు చిన్న, సన్నకారు గిరిజన రైతుల సహకార సంఘం కూడా పండునే తీసుకుని ఒకచోట శుద్ధి చేస్తుంది. అక్కడ రుచి చూసి మార్కులు వేస్తారు. ఏ తోట పండు ఏ రుచి ఇస్తుందో లెక్క రాసుకుంటారు. వైట్స్‌బాగ్‌లో కొలత పలక చేసిన పని ఇదే కదా!

పేరు ఎవరిది?

ప్రచారం అనగానే మనకు సినిమా తారల ప్రకటనలు గుర్తొస్తాయి. కాఫీ ప్రచార చరిత్ర మన దేశంలో అంతకంటే పాతది. బ్లూబెర్రీ కౌన్సిల్ కన్నా 65 ఏళ్ళ ముందే, 1935లో, మన దేశంలో కాఫీ మీద సెస్సు వేసి ఆ డబ్బుతో ప్రచార కమిటీ పెట్టారు. ఆ కమిటీ 1936లో బొంబాయిలో ఇండియా కాఫీ హౌస్ తెరిచింది. ఎగుమతి ధరలు కూలిపోయిన రోజుల్లో దేశంలోనే కాఫీ తాగేవాళ్ళను పెంచుదామన్నది ఆలోచన. 1950ల్లో కాఫీ బోర్డు ఈ హౌస్‌లను మూసేస్తుంటే ఉద్యోగాలు పోయిన కార్మికులు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు పెట్టి తామే నడుపుకున్నారు. వడ్డించేవాళ్ళే యజమానులైన హోటళ్ళు అవి. (పోటీ పరీక్షలకు చదివే మిత్రులు ఈ సంవత్సరాలు రాసిపెట్టుకోండి.)

1942 చట్టం కింద కాఫీ బోర్డు దేశంలో పంటనంతా ఒకే పూల్‌లోకి తీసుకుని అమ్మేది. 1996 నాటికి ఆ పద్ధతి పూర్తిగా పోయింది. ఎవరి సరుకు వారే అమ్ముకోవచ్చు. పెద్ద ఎస్టేట్లకు అది స్వేచ్ఛ. ఎకరం తోట ఉన్నవాడికి సంతలో సావుకారి ముందు ఒంటరిగా నిలబడడం. అందుకే జీసీసీ సీజను ముందే కొనుగోలు ధర ప్రకటించడం ముఖ్యమైన విషయం. సంస్థ మొత్తం పంట కొనలేకపోయినా, దాని ధర బయటికి తెలిస్తే సావుకారు అంతకంటే మరీ కిందకి దిగలేడు. ఆ ధర ఊళ్ళో అందరికీ సమయానికి తెలియాలి, అంతే.

అరకు పేరు ఇప్పుడు చాలా దూరం వెళ్ళింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019 మార్చిలో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. వచ్చింది. కూర్గ్, వయనాడ్, చిక్కమగళూరు, బాబాబుడన్ గిరి కాఫీలకూ అప్పుడే వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్ళు పెట్టారు. సంతోషించదగిన విషయాలే. అయితే జి.ఐ. గురించి పత్రికల్లో రాయని ముక్క ఒకటుంది. గుర్తింపు రావడంతోనే రైతుకు ధర పెరగదు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును సరుకు మీద వాడుకోవాలంటే పండించేవాళ్ళు గానీ, వాళ్ళ సంఘం గానీ 'అధీకృత వినియోగదారు'గా నమోదు కావాలి. దరఖాస్తు ఉంటుంది, రుసుము ఉంటుంది. ఆ పని కొండ మీది సంఘాలు చేసుకోకపోతే, పేరు రైతుదైనా డబ్బా మీద వేసుకునేది ఇంకొకరు. కామర్స్, లా చదువుతున్న మన హాస్టల్ మిత్రులు సెలవుల్లో చేయగలిగిన పని ఇది. ఏజెన్సీ మిత్రులు చెప్పే ఇంకో మాట కూడా ఉంది. కాఫీ పండించే ఇళ్ళలో చాలామంది పొద్దున తాగేది టీయేనట.

పంట పేరు మోగుతున్నప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. 2025 ఆగస్టులో అరకు ప్రాంతంలో కాఫీ కాయ తొలుచు పురుగు కనిపించింది. ఆవగింజ అంత నల్ల పెంకు పురుగు, కాయ కొన దగ్గర రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. మన దేశంలో 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర మొదట బయటపడింది. ముప్పై అయిదేళ్ళు మన కొండలకు రాలేదు. దీనికి మందు కన్నా ముందు చేయవలసింది చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ కూడా మిగల్చకుండా ఏరడం, ఒక తోట బస్తాలు ఇంకో తోటకు తీసుకెళ్ళకపోవడం. ఒక్క రైతు శుభ్రంగా ఏరి పక్కవాడు వదిలేస్తే లాభం లేదు. ఇదీ ఉచిత లబ్ధిదారు సమస్యే, కాకపోతే ఆరు కాళ్ళతో వచ్చింది.

మరి మన కొండల మీద బ్లూబెర్రీ?

మా సెమినార్‌లో ఒక మిత్రుడు ఇదే అడిగాడు. లంబసింగి 'ఆంధ్రా కాశ్మీర్' కదా, అక్కడ వేస్తే రాదా అని. లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరు. అంత చలి నిజమే, కాని అది డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల చలి. పాత రకాల బ్లూబెర్రీకి పూత రావాలంటే ఏడు డిగ్రీల లోపు చలి ఎనిమిది వందల గంటలకు పైగా కావాలి. మన దగ్గర అంత లేదు. అయితే చలి పెద్దగా అడగని రకాలు ఉన్నాయి. 1998లో అమెరికాలో విడుదలైన బిలాక్సీ అలాంటిది.

ఆ రకంతోనే పెరూ దేశం ఆశ్చర్యం చేసింది. 2010కి ముందు ఆ దేశపు బ్లూబెర్రీ ఎగుమతి దాదాపు సున్నా. సముద్రతీరపు ఎడారిలో కాలువ నీళ్ళు పారించి, బొట్టు బొట్టుగా ఆమ్లం కలిపిన నీరిచ్చి పెంచారు. 2020 దాటేసరికి ప్రపంచంలోనే మొదటి ఎగుమతిదారు అయింది. ఇతర దేశాల్లో పండు దొరకని నెలల్లో తమ పండు దించడం వాళ్ళ కిటుకు. కానీ అక్కడ పండించేవి ఎక్కువగా వేల ఎకరాల కంపెనీలు. కొండ రైతు ఎకరం లెక్క అక్కడ లేదు. 2023లో ఎల్ నినో వేడికి పంట బాగా దెబ్బతిన్నప్పుడు ఆ కంపెనీలు తట్టుకున్నాయి. బ్యాంకు అప్పుతో అరెకరం వేసినవాడైతే తట్టుకునేవాడా? పైగా అమెరికా బ్లూబెర్రీల మీద దిగుమతి సుంకం తగ్గించడానికి 2023 సెప్టెంబరులో మన ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే విశాఖ సూపర్ మార్కెట్‌లో మన పండు ఆ పండుతోనే పోటీ పడాలి.

నేల సంగతి కూడా ఉంది. బ్లూబెర్రీకి పి.హెచ్. 4.5 నుంచి 5.5 మధ్య కావాలి. కాఫీకి ఆరు దాటినా హాయిగా ఉంటుంది. కాబట్టి కాఫీ తోటలో నాలుగు బ్లూబెర్రీ మొక్కలు పెట్టి చూద్దామంటే కుదరదు. కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో పెంచాలి. పొట్టుకు కోనసీమ ఉంది, పెట్టుబడికే ఎవరున్నారో చూడాలి. పరిశోధన కేంద్రంలో పది మొక్కలు పెట్టి నాలుగేళ్ళు చూడడం మంచిదే. రైతుకు పంచడం ఆ తర్వాతి మాట.

ఈలోగా చూడదగ్గ పంట కళ్ళముందే ఉంది. లంబసింగి, చింతపల్లి చుట్టుపక్కల కొన్నేళ్ళుగా చలికాలంలో స్ట్రాబెర్రీ వేస్తున్నారు. మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళు తోటలోకే దిగి పండ్లు కోసుకుని కొనుక్కుంటారు. దళారి లేడు, లారీ లేదు, డబ్బు అక్కడికక్కడే. 2010లో జి.ఐ. పొందిన మహాబలేశ్వర్‌లో కూడా పర్యాటకులున్నారు, కాని అక్కడ మిగిలిన పండు జామ్, సిరప్ ఫ్యాక్టరీలకు వెళ్తుంది. లంబసింగి చుట్టూ ఆ రెండో మెట్టు బలపడాలి. స్ట్రాబెర్రీ రెండు రోజులు ఆగని పండు. ఘాటీ దిగి నర్సీపట్నం మీదుగా విశాఖ చేరేసరికి అడుగు వరుస నలిగి నీరు కారుతుంది. సంక్రాంతి సెలవులు అయిపోయాక పర్యాటకుల కార్లు తగ్గిపోతాయి. పండ్లు మాత్రం మార్చి దాకా కాస్తూనే ఉంటాయి.